మేనేజరుగారి ఆఖరి సోఫా

పెద్దావిడ సంచీ సర్దుతోంది.

సర్దడమంటే మామూలు సర్దడం కాదు. సంచీని మంచం మీద కూలేసి, దాని నోరు బలవంతంగా తెరిచి, ఎవరి మీదో ఉన్న కోపమంతా దాని కడుపులో కుక్కుతోంది. రెండు జతల బట్టలు, శాలువా, దువ్వెన, సగం చదివిన లైబ్రరీ పుస్తకం, మాత్రల డబ్బా, మొహం తుడుచుకునే తువ్వాలు. ఒక్కో వస్తువు లోపలికి వెళ్తుంటే ఒక్కో నిట్టూర్పు బయటికొస్తోంది.

"చిన్నత్తయ్య ఇంట్లో ఎన్ని రోజులుంటారు?" అంది కోడలు గుమ్మంలో నిలబడి. చేతిలో కత్తెర, మెడలో కొలతల టేపు. కుట్టుమిషను మీంచి ఉన్నపళంగా లేచి వచ్చినట్టుంది.

"ఎన్ని రోజులుంటే నీకెందుకమ్మా? ఇవాళ ఎలాగూ ఒకళ్ళని సాగనంపుతున్నావుగా. ఆ చేత్తోనే నన్నూ సాగనంపు."

"నేనా సాగనంపుతున్నది?"

"మరి డాక్టరమ్మకి ఫోను చేసిందెవరు? నేనా? ఆ గోడ మీద బల్లా?"

"నేనే చేశాను." కోడలు కత్తెర మూసింది. "రాత్రంతా ఆయన మూలుగుతుంటే మీరూ విన్నారు, నేనూ విన్నాను. మీ అబ్బాయి దుప్పటి చెవుల మీదికి లాక్కుని గురక పెడుతున్నట్టు నటించారు. ఎవరో ఒకరు చెయ్యాలిగా."

"ఆయన" అంటే ఇంటిపెద్ద కాదు. కుక్క. పధ్నాలుగేళ్ళ కిందట బాగుచెయ్యమని ఎవరో తెచ్చి దింపిన పాత సోఫా కడుపులోంచి బయటపడ్డ కుక్కపిల్ల. ఒక చెవి నిలబడి ఉండేది, ఒకటి వాలిపోయి ఉండేది. "సోఫా మాదే, కుక్క మాది కాదు" అని ఆ సోఫా తాలూకు మనిషి చేతులు దులుపుకున్నాడు. నాటి నుంచి ఈ సోఫాల దుకాణం ఆ కుక్కదే, వీళ్ళు దాని కింద పనిచేసేవాళ్ళు.

పని పూర్తయిన ప్రతి సోఫా మీదా అది ఎక్కేది. మూడు చుట్లు తిరిగి, ముడుచుకుని, ఫుస్సుమని ముక్కుతో గాలి వదిలితే పాస్. ఎక్కి దిగిపోతే ఎక్కడో స్ప్రింగు పొడుచుకుంటోందని అర్థం. ఒకసారి ఒక బ్యాంకు ఆఫీసరు సోఫా ఎక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి దానికేసి మొరిగింది. బట్ట విప్పి చూస్తే, వారం నుంచి కోడలు ఇల్లంతా వెతుకుతున్న పెద్ద కత్తెర మెత్త లోపల పడుకుని ఉంది. ఆఫీసరు అందులో కూర్చుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుని మూడు రోజులు నవ్వుకున్నారు. ఆ రోజుతో కుక్క కాస్తా మేనేజరుగారైంది, "అది" కాస్తా "ఆయన" అయింది. మేనేజరుగారు పాస్ చెయ్యనిదే ఏ సరుకూ గడప దాటకూడదన్నది ఇంటి చట్టమైంది. బేరానికొచ్చినవాళ్ళు కూడా డబ్బు తీసేముందు, "మీ మేనేజరుగారు చూశారా?" అని అడిగేవారు.

ఆ మేనేజరుగారు నిన్నటి నుంచి లేవలేదు. నాలుగు రోజులుగా తినలేదు. సాయంత్రం పశువుల డాక్టరమ్మ వచ్చి ఆఖరి ఇంజెక్షను ఇస్తుంది. నొప్పి లేకుండా, నిద్రపోయినట్టే ఉంటుందని చెప్పింది.

"నేనుండను" అంది పెద్దావిడ. "ఆమె వచ్చే వేళకి నేనీ ఇంట్లో ఉండను."

"ఎవరు వెళ్ళేటప్పుడు ఉన్నారు లెండి మీరు!"

ఆ మాట నోరు జారి వచ్చింది. కోడలు వెంటనే పెదవి కొరుక్కుంది. పెద్దావిడ చేతిలో శాలువా మడత మధ్యలో ఆగిపోయింది.

ఆ మాటలో అబద్ధం లేదు. ఇంట్లోంచి ఎవరు ఊరికెళ్ళినా సంచీ సర్దేది పెద్దావిడే. దారిలో తినడానికి పొట్లం కట్టేది ఆవిడే. "ఇక బయల్దేరతాం" అనగానే మాత్రం పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. వీధిలో బండి చప్పుడు అణిగేదాకా ఇటు తిరగదు.

ఒక్కసారి, ఒక్క మనిషిని కళ్ళారా సాగనంపింది. దుకాణం పెట్టిన పెనిమిటిని. స్ప్రింగులు కొనుక్కొస్తానని ఆయన బయల్దేరితే, వాకిట్లో నిలబడి వీధి మలుపు తిరిగేదాకా చూసింది. బస్సెక్కిన మనిషి బస్సులోనే పోయాడు. ఆ తర్వాత చూడకుండా పంపిన వాళ్ళంతా తిరిగొచ్చారు. కొడుకు ఆపరేషను నుంచి వచ్చాడు. అత్తింటికెళ్ళిన కూతురు పురిటికి వచ్చింది. లెక్క ఇంత చక్కగా కుదిరాక ఇంకెవరు చెబితే మాత్రం ఆవిడ వింటుంది?

"నా చూపు మంచిది కాదే అమ్మాయ్" అంది చివరికి, శాలువా సంచీలో పెడుతూ. గొంతులో కోపం తగ్గింది. "నేను చూసి పంపిస్తే ఇక ఆశ కూడా ఉండదు."

"ఆశ లేదనేగా అత్తయ్యా డాక్టరమ్మ వస్తున్నది."

ముందుగదిలోంచి సుత్తి చప్పుడు వినిపించింది. టక్. టక్.

"సరే, మీరు ఆయన్ని చూడకండి" అంది కోడలు. "ఆయన మీకోసం చూస్తే ఏం చెప్పమంటారు? మీ చెల్లెలికి కులాసాగా లేదని చెప్పనా?"

పెద్దావిడ సంచీ జిప్పు సర్రున లాగింది.

*

ముందుగదిలో కొడుకు సోఫా కింద తల పెట్టి పనిచేస్తున్నాడు. వీధిలో అందరూ మేస్త్రీ అంటారు. సోఫా పనివాళ్ళు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల దాకా తెచ్చి, సుత్తి మొనతో అందుకుని కొడతారు. మేస్త్రీకి ఆ మేకులు ఇంకో రకంగా కూడా పనికొస్తాయి. ఇంట్లో గొంతులు ఒక స్థాయి దాటగానే గుప్పెడు మేకులు నోట్లో పోసుకుంటాడు. నోటినిండా మేకులున్న మనిషిని న్యాయం చెప్పమని ఎవరడుగుతారు?

"నేను వెళ్తున్నాన్రా" అంది తల్లి.

"ఊఁ" అన్నాయి మేకులు.

"మీ ఆవిడ నన్ను నానా మాటలూ అంది."

"ఊఁహూఁ."

"నువ్వు మనిషివా, మేకుల డబ్బావా?"

సోఫా కిందనుంచి టక్, టక్.

చెప్పులు వేసుకోవడానికి పెద్దావిడ సంచీని గడప దగ్గర దించింది. మేనేజరుగారు ఎప్పటిలా వాకిలికి అడ్డంగా, గోనెపట్టా మీద పడుకుని ఉన్నారు. ఆవిడ అటు చూడలేదు. చూడకూడదని చెప్పుల మీదే కళ్ళు పెట్టుకుంది. కుడి చెప్పులో ఎడమ కాలు పెట్టి, ఎందుకు పట్టడం లేదా అని దానితో పోట్లాడుతోంది.

అప్పుడు గోనెపట్టా కదిలిన చప్పుడైంది.

నిన్నటి నుంచి లేవనివారు లేచారు. ముందుకాళ్ళ మీద లేచి, వెనకకాళ్ళను సామానులా ఈడ్చుకుంటూ, ఆగి, ఆయాసపడి, సంచీ దగ్గరికి వచ్చారు. గడప దాటబోయే సరుకు కదా మరి. డ్యూటీ డ్యూటీయే.

సుత్తి చప్పుడు ఆగిపోయింది. సోఫా కిందనుంచి మేస్త్రీ తల బయటికొచ్చింది. లోపలి గుమ్మంలో కోడలు వచ్చి నిలబడింది.

మేనేజరుగారు సంచీని ఈ చివర నుంచి ఆ చివరకి వాసన చూశారు. జిప్పు దగ్గర ముక్కు పెట్టి మళ్ళీ చూశారు. పడుకోలేదు. తల ఎత్తి, పొర కమ్మిన కళ్ళతో, ఎప్పటిలా మేస్త్రీకేసి చూశారు.

మేస్త్రీ మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు.

"ఫెయిల్" అన్నాడు. పొద్దున్నుంచి అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"ఏడిశావ్! సంచీకి ఫెయిలేమిట్రా?"

"నాకేం తెలుసమ్మా? లోపల ఏదో తేడా ఉంది. లేకపోతే ఆయన ఫెయిల్ చెయ్యరు."

"కత్తెరేమైనా పెట్టారేమో చూడండి" అంది కోడలు.

"నీ కత్తెర నాకెందుకే తల్లీ!" అంటూ పెద్దావిడ చూపించడానికే సంచీ తెరిచింది. చూపించాక తనే కింద చతికిలబడింది.

మొహం తుడుచుకునే తువ్వాలనుకున్నది మేనేజరుగారి ఒళ్ళు తుడిచే తువ్వాలు. రోజూ మడిచి మడిచి అలవాటైన చెయ్యి, దాన్నే మడిచి లోపల పెట్టింది. శాలువా మధ్యలో ఆయన అన్నం తినే సొట్ట గిన్నె చల్లగా కూర్చుని ఉంది. అదెప్పుడు పెట్టిందో ఆవిడకే తెలియదు. మాత్రల డబ్బా మీద, కోడలు అంటించిన కాయితం మీద పెద్ద అక్షరాలతో ఉంది: "మేనేజరుగారికి మాత్రమే. పూటకి సగం."

"చిన్నత్తయ్య ఇంట్లో రేపు పొద్దున్న బి.పి. మాత్ర అనుకుని ఇది వేసుకునేవారు" అంది కోడలు. నవ్వకూడదనే అనుకుంది. "ఎల్లుండికి మొరిగేవారు."

మేస్త్రీకి నవ్వాగలేదు. కోడలికీ ఆగలేదు. పెద్దావిడ ఇద్దరినీ ఉరిమి చూసింది. ఆ చూపు సగంలోనే చెడిపోయి, ఆవిడా నవ్వేసింది. ఎంతసేపు నవ్విందంటే, చివర్లో అది నవ్వో ఏడుపో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

మేనేజరుగారు మాత్రం నవ్వలేదు. తన తువ్వాలు మీద గడ్డం ఆనించి, గాలి వదిలారు.

*

"ఏవయ్యా మేస్త్రీ! ఇవాళైనా ఇస్తావా, వాయిదా వేస్తావా?"

గొడుగు ముందొచ్చింది, వెనక హెడ్మాస్టరు వచ్చారు. రిటైరై చాలా ఏళ్ళయినా ఆ పిలుపు ఊడలేదు. రెండు నెలల నుంచి రోజూ ఇదే వేళకి వస్తారు. ఎండైనా గొడుగే, వానైనా గొడుగే. బాగుచెయ్యడానికిచ్చిన తన సోఫా చుట్టూ తిరిగి, ఒక తప్పు పట్టి, టీ తాగి వెళ్తారు. ఆయన వచ్చారంటే గడియారం చూసుకోనక్కర్లేదని కోడలు అంటుంది.

ఆలస్యానికి తప్పు మేస్త్రీది కాదు. ఆయన పెట్టిన షరతుది. "స్ప్రింగులు కొత్తవెయ్యి, బట్ట కొత్తదెయ్యి. ఎడమవైపు గుంట మాత్రం అలాగే ఉండాలి. అది మా ఆవిడది" అన్నారు మొదటిరోజే. ఆవిడ పోయి మూడేళ్ళు. గుంటలు తీసెయ్యమని అడిగేవాళ్ళే గానీ, ఉంచమని అడిగిన మనిషిని మేస్త్రీ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కొత్త స్ప్రింగుల మీద పాత గుంట రప్పించడానికి ఆరుసార్లు కట్టి ఆరుసార్లు విప్పాడు.

"అయిపోయింది సార్" అన్నాడు మేస్త్రీ. "కాకపోతే ఇంకా పాస్ కాలేదు."

హెడ్మాస్టరు గోనెపట్టా కేసి చూశారు, సంచీ కేసి చూశారు, ముగ్గురి మొహాలూ చూశారు. పిల్లల మొహాలు చూసి సంగతి పట్టే అలవాటు ఎక్కడికి పోతుంది? గొడుగు మూసి మూలకి ఆనించారు.

"ఇవాళేనా?" అన్నారు మెల్లగా.

"సాయంత్రం" అంది కోడలు.

"అయితే ఆలస్యం దేనికి? పరీక్ష పెట్టండి."

మేస్త్రీ ముందుకాళ్ళ కింద చేతులు వేశాడు. వెనకవైపు ఎవరు పట్టుకోవాలి? కోడలు కదలలేదు. కావాలనే కదలలేదు. పెద్దావిడ కాసేపు చూసి, "అందరూ బొమ్మల్లా నిలబడితే ఎలా?" అని విసుక్కుంటూ తువ్వాలు తీసుకుని, మేనేజరుగారి నడుం కిందుగా వేసి, ఉయ్యాలలా ఎత్తిపట్టింది.

"ఎంత తేలికైపోయావురా" అంది. ఇంటిల్లిపాదీ గారూ అంటారు గానీ, ఆవిడకి ఆయనెప్పుడూ ఒరేయే.

సోఫా ఎక్కించారు. తిరగడానికి కాళ్ళు లేవు. తిరగకుండా పడుకునే మనిషి కాదు. సోఫా మధ్యలో నిలబడి వణుకుతున్నారు. పెద్దావిడకి అర్థమైంది. తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని, సోఫా మీదికి వంగి, తనే ఒక చుట్టు తిప్పింది. ఆయన ముందుకాళ్ళతో అడుగులేశారు. రెండో చుట్టు.

"అమ్మా, నీ నడుం!"

"నోర్మూసుకుని మేకులు పెట్టుకో."

మూడో చుట్టు. మేనేజరుగారు సోఫా ఎడమ చివరకి వెళ్ళి, సరిగ్గా ఆ గుంటలో, దానికోసమే కొలతలిచ్చి పుట్టినట్టు ముడుచుకున్నారు. ముక్కుతో గాలి వదిలారు.

ఫుస్స్.

"పాస్!" అన్నాడు మేస్త్రీ. వెంటనే గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు.

అదే సమయానికి వాకిట్లో స్కూటరు ఆగింది. డాక్టరమ్మ చెప్పిన వేళకంటే ముందే వచ్చింది.

*

"కింద పడుకోబెడదామా?" అంది డాక్టరమ్మ లోపలికొచ్చి. చిన్నమ్మాయి. తన పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుంది. "కొత్త సోఫా కదా, పాడవుతుందేమో."

అందరూ హెడ్మాస్టరు కేసి చూశారు. ఆయన సోఫాకేసి చూశారు, ఎడమవైపుకి.

"నలభై ఏళ్ళ సర్వీసులో, పరీక్ష మధ్యలో ఎవరినీ లేపలేదమ్మా" అన్నారు. "అక్కడే ఉండనీ."

డాక్టరమ్మ పెట్టె తెరిచింది. పెద్దావిడ ఆ చప్పుడు విని, ఎవరితోనూ చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా, పెరట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పింది. తోమిన గిన్నె ఒకటి తీసుకుని తోమసాగింది. నీళ్ళ చప్పుడు ముందుగది దాకా వినిపించింది.

మేనేజరుగారు తల ఎత్తారు.

నిలబడే చెవి ఏనాడో వాలిపోయింది. ఇప్పుడు అదే కొంచెం లేచింది. పెరటి వైపు తిరిగి, చిన్నగా, తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు చేశారు. డాక్టరమ్మ చెయ్యి ఆపింది.

కోడలు పెరట్లోకి వెళ్ళింది. కుళాయి కట్టేసింది.

నీళ్ళు ఆగాక ఆ చప్పుడు పెరట్లోకి కూడా వినిపించింది. మళ్ళీ ఒకసారి.

"నన్నేనా?" అంది పెద్దావిడ, చిన్నపిల్లలా.

"నన్నైతే కాదు. నేను డాక్టరుకి ఫోను చేసినదాన్ని కదా."

పెద్దావిడ తడిచేతులు బట్టలకే తుడుచుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత గబగబా, పాలు పొంగుతున్నాయని పరుగెత్తే మనిషిలా వెళ్ళి, సోఫా పక్కన నేల మీద కూర్చుని, మేనేజరుగారి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"ఇదుగో, ఇక్కడే ఉన్నాను. ఏమిటీ గోల? మేనేజరువై ఉండి నలుగురిలో ఇలా కూతలెయ్యొచ్చా? చెల్లెలింటికి వెళ్ళలేదులే. సంచీ నువ్వే ఫెయిల్ చేశావుగా... కత్తెర దొరకబుచ్చుకున్నవాడివి, ఈ ముసల్దాని గిన్నె దొంగతనం దొరకదా నీకు? పడుకో. పని అయిపోయింది. ఇంకేం సోఫాల్లేవు. పడుకో నాయనా."

ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. డాక్టరమ్మ పెట్టె మూసి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసేదాకా తిడుతూనే ఉంది.

మేస్త్రీ నోట్లోంచి ఒక మేకు నేల మీద పడింది. అది దొర్లి ఆగేదాకా అందరూ విన్నారు.

కోడలు మిషను దగ్గరికెళ్ళి మడతపెట్టిన బట్ట ఒకటి తెచ్చింది. ఇంట్లో చావు పెట్టుకుని మిషను తొక్కుతోందని పొద్దున్న పెద్దావిడ నాలుగు వీధులకీ వినిపించేలా అరిచింది దీన్ని కుడుతున్నప్పుడే. హెడ్మాస్టరు సోఫాకి మిగిలిన బట్ట. మేనేజరుగారికి సరిపడా దుప్పటి. నాలుగంచులా, సోఫాలకి వేసినట్టే, సన్నతాడు పెట్టి కుట్టిన నీలం పైపింగు.

"పైపింగెందుకే పిచ్చిపిల్లా?" అంది పెద్దావిడ, అంచు తడుముతూ.

"పైపింగు లేకపోతే పాస్ చేస్తారా అత్తయ్యా ఆయన?"

పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుంది. వదలడం మర్చిపోయింది.

*

పెరట్లో కుళాయి పక్కన మేనేజరుగారి మీద మట్టి కప్పి మేస్త్రీ వచ్చేసరికి వెలుతురు తగ్గింది. హెడ్మాస్టరు టీ గ్లాసు కింద పెట్టి గొడుగు అందుకున్నారు.

"సోఫా ఇవాళ వద్దయ్యా. ఈ రెండు రోజులూ ఇక్కడే ఉండనీ. సోమవారం పొద్దున్నే బండి తెచ్చుకుంటాను. మళ్ళీ వాయిదా వేశావో, బెంచీ ఎక్కిస్తాను!"

"పాసైన సోఫా సార్. ఇక వాయిదా ఎందుకు?"

ఆయన గడప దిగారు. అలవాటు చొప్పున పెద్దావిడ పెరటి వైపు రెండడుగులు వేసి, ఆగింది. ఇవాళ చూసింది కదా, కళ్ళారా. చూసినా ఇల్లు ఇల్లులాగే నిలబడి ఉంది, కోడలు లోపల దీపం వేస్తోంది, మేస్త్రీ మాట్లాడుతున్నాడు కూడా. ఇన్నేళ్ళూ ఎందుకు భయపడిందో ఆవిడకే వింతగా అనిపించింది.

వెనక్కి తిరిగి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"జాగ్రత్తగా వెళ్ళిరండి మాస్టారూ!" అని కేకేసింది.

ఆయన ఆశ్చర్యంగా తిరిగి చూశారు. రెండు నెలల్లో తనని సాగనంపడానికి ఆవిడ వాకిట్లోకి రావడం ఇదే మొదలు. నవ్వి, గొడుగు పైకెత్తి ఊపారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా, గొడుగు కొస కూడా కనబడకుండా పోయేదాకా, పెద్దావిడ రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఎవరినమ్మా చూస్తున్నావ్?" అన్నాడు లోపలినుంచి మేస్త్రీ.

"మాస్టారిని సాగనంపుతున్నాన్రా" అంది ఆవిడ, గర్వంగా.

సోమవారం పొద్దున్న సోఫా తుడిచి వాకిలి దగ్గరికి జరిపి ఉంచారు. హెడ్మాస్టరు రాలేదు. మంగళవారం రాలేదు. ఆ తర్వాత కూడా ఆయన తిరిగి రాలేదు.